ముప్పై ఆరు కొండలూ, గుమ్మం బయట నేనూ

నేను ఒక ఎడమకాలి బూటుని. ఈ సంగతి ముందే చెప్పేయడం మంచిది. కొత్త కోడలు కుడికాలు పెట్టి లోపలికి రావాలి, శుభకార్యానికి కుడికాలితో బయల్దేరాలి. ఎడమకాలి ప్రస్తావన ఎవర్నైనా తన్నాల్సి వచ్చినప్పుడే వస్తుంది. ఇన్నేళ్లలో ఆ తన్నే భాగ్యం కూడా నాకు దక్కలేదు.

నా పుట్టుక తమిళనాట ఒక ఫ్యాక్టరీలో. రబ్బరు అడుగు ఒక గదిలో, గుడ్డ పైభాగం ఒక గదిలో తయారయ్యాయి. ఇద్దరికీ జిగురు రాసి, వేడిపెట్టెలోంచి పంపించి పెళ్లి చేశారు. కొండలకీ గుట్టలకీ పనికొస్తానని నా పక్కన ఇంగ్లీషులో పొగిడి, కుడిదానితో కలిపి అట్టపెట్టెలో పడుకోబెట్టి విశాఖపట్నం తోలేశారు.

అక్కడ నన్ను కొన్నాయన పళ్ల డాక్టరు, పీలా జోగినాయుడు గారు. ఆయన నాతో ఎక్కిన ఎత్తైన ప్రదేశం బీచ్ రోడ్డు మీద ఒక స్పీడ్ బ్రేకర్. తొమ్మిది రోజులు పరిగెత్తాడు. పదోరోజు మోకాలు పట్టేసిందన్నాడు. అయితే ఆ తొమ్మిది రోజుల్లో తీయించుకున్న ఫొటోల బలం మీద ఊళ్లో కొండపరుగుల క్లబ్బుకి కార్యదర్శి అయిపోయాడు. నేను ఆయన క్లినిక్ బయట చెక్క అరలో రెండేళ్లు పడున్నాను. పంటినొప్పితో వచ్చేవాళ్ల చెప్పులతో తప్ప నాకు మాటామంతీ లేదు.

ఆ తర్వాత డాక్టరుగారు పాడేరు ఏజెన్సీలో పళ్ల శిబిరం పెట్టాడు. పళ్లతోపాటు ఇంట్లో పాత సామాను కూడా వదిలించుకోవచ్చని మూడు పెట్టెలు జీపులో వేసుకెళ్లాడు. అందులో మేమూ ఉన్నాం. అలా వంతల సుక్రి చేతికొచ్చాం.

సుక్రి అక్కడ ఆశా కార్యకర్త. ముప్పై దాటిన మనిషి. పొద్దున్నే పోలియో చుక్కలమందు పెట్టె భుజాన వేసుకుని రెండు కొండలు దాటి వెళ్లి, పిల్లల్ని వెతికి పట్టుకుని, సాయంత్రం వంటవేళకి తిరిగొచ్చేస్తుంది. మేం ఆవిడకి ఒక వేలెడు పెద్ద. ముందు భాగంలో పాతచీర ముక్కలు కుక్కింది. మొదటిరోజే ఆవిడ మమ్మల్ని వేసుకుని కొండ దిగిన వేగానికి నాకు కళ్లు తిరిగాయి. ఇన్నాళ్లూ నన్ను నేను బూటు అనుకున్నాను గానీ, అంతవరకూ నేను అరలో బొమ్మనేనని అప్పుడు తెలిసింది.

ఇక అసలు కథ. ఆ శిబిరంలోనే డాక్టరుగారి జీపు మీద ఒక పటం పరిచి ఉంది. చుట్టుపక్కల ముప్పై ఆరు కొండల్ని నగరం నుంచి వచ్చిన ఒక పెద్దమనిషి డెబ్భై తొమ్మిది గంటల్లో ఎక్కి దిగాడట, అది క్లబ్బు రికార్డట. పటం మీద శిఖరం ఒకటి, శిఖరం రెండు, అలా ముప్పై ఆరు దాకా అంకెలున్నాయి. సుక్రి వేలుపెట్టి వెతికింది.

"సార్, ఇది మా గోరింట కొండ. దీనికి పద్నాలుగని రాశారేంటి?"

"పేర్లు ఆయనకి తెలీలేదమ్మా. రికార్డు ఎవరిదైతే వాళ్లు రాసినట్టే మా పుస్తకంలో ఎక్కుతుంది. అది రూలు."

"మరి నేను కొడితే?"

"ఏం కొడితే?"

"రికార్డు."

డాక్టరుగారు నవ్వాడు. నవ్వుతుంటే దగ్గొచ్చింది. "కొట్టు తల్లీ. అప్పుడు నువ్వు చెప్పిన పేర్లే రాస్తాం," అన్నాడు. మాట ఇచ్చేయడం ఆయనకి అలవాటే. పన్ను పీకేముందు నొప్పుండదని రోజుకి ఇరవైమందికి మాట ఇస్తాడు.

పుష్యమాసం, మంచు దట్టంగా ఉంది. మంగళవారం పొద్దున్న అయిదింటికి పరుగు మొదలు. సుక్రికి సాయంగా వాళ్ల అత్త చిలకమ్మ వచ్చింది. అరవై దాటిన మనిషి, చుట్ట నిప్పువైపు నోట్లో పెట్టుకుని అడ్డపొగ తాగుతుంది. చోడి అంబలి, అదే రాగిజావ, సొరకాయబుర్రలో పోసుకుని అడ్డదారుల్లో నడిచి, ప్రతి నాలుగో కొండ కిందా కోడలికంటే ముందే కూర్చునేది. ఆవిడ్ని ఎవరూ రికార్డులో రాయలేదు.

సాక్షిగా డాక్టరుగారు జీపులో వచ్చాడు. మనం ఎక్కడున్నామో ఉపగ్రహానికి చాడీలు చెప్పే ఒక చిన్న బిళ్ల తెచ్చాడు. వంగలేక వంగి, స్వయంగా నా తాడుకి కట్టాడు. జన్మలో మొదటిసారి కుడిదానికి కాకుండా నాకు నగ పెట్టారు. పొగరెక్కింది. దారంతా కుడిదాన్ని ఉడికిస్తూనే ఉన్నాను.

ఆ కొండలకి ఒక పద్ధతుంది. చివర ఇంకో నలభై అడుగులుందనగా నాలుగు రాళ్లు పేర్చి ఉంటాయి. అది గుమ్మం. అక్కణ్ణుంచి పైన అమ్మవారి ఇల్లు. సుక్రి అక్కడ ఆగి, తాళ్లు విప్పి, మమ్మల్ని పక్కపక్కన పెట్టి, ఉత్తకాళ్లతో పైకి పరిగెత్తేది. శిఖరం ముట్టుకుని, దణ్ణం పెట్టి, దిగొచ్చి మళ్లీ తొడుక్కునేది. ఒక్కో కొండకి మూడు నిమిషాలు. లోపల ఏముందో చూడాలని నాకు మహా కోరికగా ఉండేది. చెప్పుజాతికి ఆ కోరికలెందుకని కుడిది అనేది.

సాయంత్రానికి పదకొండు కొండలయ్యాయి. రికార్డుకంటే గంట ముందున్నాం. విడిదిలో డాక్టరుగారు సిగ్నల్ కోసం జీపు టాపెక్కి క్లబ్బుకి ఫోన్ చేశాడు. దిగేటప్పటికి మొహం పాలిపోయి ఉంది.

"అమ్మా సుక్రీ, నువ్వు ఒక్క కొండా ఎక్కలేదంటున్నారు. పదకొండూ సున్నా. అన్నిచోట్లా చివరిదాకా వెళ్లి ఆగిపోయావట."

"ఎక్కాను సార్."

"బిళ్ల ఎక్కలేదు కదా!"

"బిళ్ల బూటుకుంది సార్. బూట్లు గుమ్మం దగ్గర విప్పాను. ఇంట్లోకి బూట్లతో ఎవరెళ్తారు?"

డాక్టరుగారు నోరు తెరిచాడు. ఆయన క్లినిక్ గుమ్మం మీద "చెప్పులు బయట విడువవలెను" అని ఎర్రక్షరాల బోర్డుంది. రెండేళ్లు దాని కిందే పడున్నవాణ్ణి, నాకు తెలీదా! ఆయనకీ అదే గుర్తొచ్చి ఉంటుంది. నాకు మాత్రం చచ్చేంత సిగ్గేసింది. ఆ నగ పెట్టుకుని నేను పొగరుగా గుమ్మంలో కూర్చున్నందుకు ఆవిడ పదకొండు కొండలు మంచులో కలిసిపోయాయి.

"రూలు రూలే," అన్నాడాయన చివరికి. "రేపు మళ్లీ మొదటి కొండ నుంచి మొదలెట్టొచ్చు. కానీ ఒక మాట చెప్తా విను. ఈసారి బూట్లు విప్పకు. ముప్పై ఆరు సార్లు విప్పి తొడుక్కుంటే రెండు గంటలు పోతుంది. ఆ పెద్దమనిషి విప్పలేదు."

చిలకమ్మ చుట్ట నోట్లోంచి తీసింది. "ఆ బాబు బూట్లేసుకునే ఎక్కీసినాడా?"

"అవును."

"అలాగైతే మా నెక్కన ఆయనా ఒక్క కొండా ఎక్కనట్టే," అని మళ్లీ చుట్ట నోట్లో పెట్టేసుకుంది.

సుక్రి చాలాసేపు పాదాలు పిసుక్కుంటూ కూర్చుంది. ఎడమ మడమ మీద పొక్కు చితికింది. ఆ పొక్కు నా పనే. మానేస్తానంటుందేమో అనుకున్నాను, అనాలనే కోరుకున్నాను కూడా. పదకొండు కొండలు ఎక్కిన కాళ్లతో మళ్లీ మొదటినుంచి ముప్పై ఆరంటే అది మనిషి చేసే పని కాదు.

"సార్, బూట్లు విప్పుతాను," అంది. "ఆ రెండు గంటలూ పరిగెత్తి తెచ్చుకుంటాను. బిళ్ల మాత్రం నా కాలికే కట్టండి."

చిలకమ్మ తన కొంగు అంచు నుంచి పేలిక చింపి ఇచ్చింది. బిళ్లని సుక్రి చీలమండకి కడియంలా కట్టారు. నా నగ పోయింది. నిజం చెప్పాలంటే హమ్మయ్య అనిపించింది.

బుధవారం పొద్దున్న అయిదింటికి మళ్లీ మొదలు. శనివారం మధ్యాహ్నం పన్నెండులోగా అయిపోవాలి. ఆ మూడు రోజులూ ఏం జరిగిందంటే, ఎక్కడం జరిగింది, దిగడం జరిగింది. రాళ్లు, కాఫీతోటలు, ముళ్లు, వాగులో నీళ్లు. గురువారం సుక్రి ఏడ్చింది, ఏడుస్తూనే గోరింట కొండ ఎక్కింది. శుక్రవారం నడుస్తూ నిద్రపోయింది. ఇరవై ఎనిమిదో కొండ దగ్గర డాక్టరుగారు, "చాలమ్మా, నేను క్లబ్బుతో మాట్లాడతాను," అన్నాడు. "మీరు మాట్లాడితే పేర్లు రాస్తారా సార్?" అని అడిగింది. ఆయన అరటిపండు ఒలిచి ఇచ్చాడు.

నా సంగతికొస్తే, జిగురుతో చేసిన పెళ్లి ఎన్నాళ్లుంటుంది! ముప్పయ్యో కొండ దగ్గర అడుగు నోరు తెరిచింది. చిలకమ్మ నారతో కట్టింది. ముప్పైమూడో కొండ గుమ్మం చేరేసరికి నార తెగి, అడుగు సగం ఊడి వేలాడుతోంది. శనివారం పొద్దున్న ఏడయింది. ఇంకా మూడు కొండలున్నాయి. సుక్రి ఎప్పటిలాగే మా ఇద్దర్నీ పక్కపక్కన పెట్టి పైకెళ్లొచ్చింది. వచ్చి నన్ను చేతిలోకి తీసుకుని చూసింది. తిడుతుందనుకున్నాను. తిట్టలేదు. లోపల కుక్కిన చీరముక్కలు తీసి మడమకి చుట్టుకుని, నన్ను మళ్లీ కుడిదాని పక్కనే సరిగ్గా పెట్టి, "ఇక్కడే ఉండండి," అంది. ఉత్తకాళ్లతో దిగి మంచులోకి పరిగెత్తిపోయింది.

ఆ తర్వాత నాకేమీ తెలీదు. బిళ్ల లేదు, ఉపగ్రహం లేదు, ఎవర్నడగను? మంచు పోయింది, ఎండలొచ్చాయి. నాలో చీమలు కాపురం పెట్టాయి. కుడిదానిలో తొండ గుడ్లు పెట్టింది, అక్కడా దానికే శుభకార్యం. ఆవిడ గెలిచిందో లేదో తెలీకపోవడమే నన్ను తినేసింది. నా కోసం కాదు. ఆ మడమ మీద పొక్కు నాది.

నాలుగు నెలలకి కింద ఎవరో ఆయాసపడుతున్న చప్పుడు వినిపించింది. ముందు చిలకమ్మ, వెనకాల ఏనుగులా రొప్పుతూ డాక్టరుగారు. చేతిలో మడతపెట్టిన కాగితం. ఆయన నన్ను చూశాడు గానీ గుర్తుపట్టలేదు.

"పదిహేడు నిమిషాలు చాలమ్మా," అంటున్నాడాయన రొప్పులోనే. "పదిహేడు నిమిషాల ముందు ముగించింది మీ కోడలు. ఇప్పుడు క్లబ్బులో ఎవరూ నోరెత్తలేరు. ముప్పై ఆరు పేర్లూ నా చేత్తో నేనే రాశాను పుస్తకంలో."

ఆ మాటకి నా అడుగు మళ్లీ అతుక్కున్నంత పనైంది.

ఆయన నాలుగు రాళ్ల దగ్గర ఆగాడు. ఎవరూ చెప్పకుండానే కిందకి చతికిలబడి తన కొత్తబూట్లు విప్పి నా పక్కన పెట్టాడు. మేజోళ్లు కూడా విప్పాడు. తెల్లగా, మెత్తగా ఉన్న పాదాలు రాయి మీద పెట్టి అబ్బా అన్నాడు. తర్వాత కాగితం తెరిచి, కళ్లజోడు సర్దుకుని, పైకి చూస్తూ గొంతు సవరించుకున్నాడు.

"ముప్పైమూడు. ఉయ్యాల కొండ," అని గట్టిగా చదివాడు.

"దాని పేరు దానికి తెల్సునే బాబూ," అంది చిలకమ్మ. "నువ్వెక్కు."

ఆయన కాగితం మడిచి జేబులో పెట్టుకుని ఎక్కాడు.