నలభై ఒకటో పేజీ

తండ్రి చేతిలో కంట్రోలరు పెట్టి, పక్కన పుస్తకం పెట్టి, అరుణజ్యోతి వంటింట్లోకి వెళ్లి కూర్చుంది. ఆట ముగిసేదాకా ఆమె నోరు విప్పకూడదు. షరతు అదే.

పుస్తకం ఆమె రాసిందే. పేరు ‘పెద్దలకు వీడియో గేములు’. మనవలు ఆడుకుంటుంటే పక్కన బిక్కమొహం వేసుక్కూర్చునే తాతలకీ బామ్మలకీ ‘కోట దారి’ అనే ఆటని మొదటి గుమ్మం నుంచి చివరి సింహాసనం దాకా అడుగడుగునా చెప్పే పుస్తకం. ఆమె పుట్టింది భిలాయిలో, చదివింది హిందీలో. తెలుగు తల్లి వనజాక్షి దగ్గర నేర్చుకున్నదే. అయినా రాయపూర్లో ఉద్యోగం మానేసి, ఏడాదిపాటు మరోదాలో తండ్రికిచ్చిన ప్లాంటు క్వార్టర్లో కూర్చుని రాసింది. విశాఖలో ఒకాయన అచ్చు వేస్తానన్నాడు గానీ, ఆట ముఖం ఎరగని పెద్దమనిషి ఎవరైనా ఈ పుస్తకం చూసి ఆడి, పూర్తయిందని చివరి పేజీలో రాసి సంతకం పెట్టాలన్నాడు.

అలాంటి పెద్దమనిషి ఇంట్లోనే ఉన్నాడు. తండ్రి అప్పలసూరి స్టీలు ప్లాంటులో క్రేన్ ఆపరేటరు, వచ్చే మార్చిలో రిటైరవుతాడు. సరే ఆడతానన్నాడు. పుస్తకం చూసి తను చివరిదాకా ఆడగలిగితే ఆమె ఇంకో పుస్తకం రాసుకోవచ్చు, ఆడలేకపోతే మాత్రం రైల్వే క్లర్కు పరీక్షకి ఫారం నింపాలన్నాడు. చరోదా రైల్వే స్టేషన్లో ఏదో కౌంటరు వెనక బతుకంతా వెళ్లదీయడం అరుణజ్యోతికి బొత్తిగా ఇష్టం లేదు. అయినా ఒప్పుకుంది. తన పుస్తకం మీద అంత ధీమా.

మూడు రోజులు బండి సాఫీగా నడిచింది. ఉదయం డ్యూటీ దిగి వచ్చి, అన్నం తిని, అప్పలసూరి కూర్చునేవాడు. వాక్యం మీద వేలు పెట్టి చదివి, ఆ పని చేసి, పెన్సిలుతో టిక్కు పెట్టి, తర్వాతి వాక్యానికి వెళ్లేవాడు. నలభై పేజీలు అయ్యాయి. వంటింట్లో అరుణజ్యోతి అప్పుడే రెండో పుస్తకానికి పేరు వెతుకుతోంది. ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం.

నలభై ఒకటో పేజీలో ఒక ప్రాంగణం ఉంది. దాని నడుమ గొలుసుకి వేలాడే ఇనుప గుండు పైకి లేస్తూ కిందికి దిగుతూ ఉంటుంది. ‘గుండు పైకి లేవగానే దాని కింద నుంచి పరుగెత్తండి’ అని పుస్తకం. అప్పలసూరి చదివాడు. గుండు లేచింది, దిగింది, మళ్లీ లేచింది. ఆయన ఆడిస్తున్న బొమ్మ మాత్రం ఉన్నచోటు నుంచి కదల్లేదు. టీ తాగి మళ్లీ కూర్చున్నాడు. మర్నాడూ అంతే. కూర్చునే కునుకు తీస్తున్నాడేమోనని వనజాక్షి రెండుసార్లు తొంగిచూసింది.

సాయంత్రానికి గానీ అరుణజ్యోతికి తట్టలేదు. ముప్ఫై నాలుగేళ్లు టన్నుల బరువులు గాల్లో మోసిన మనిషి. వేలాడే బరువు కింద నుంచి ఎవడైనా నడిస్తే క్రేన్ ఆపి, నిచ్చెన దిగొచ్చి మరీ చీవాట్లు పెట్టేవాడు. ఇప్పుడు ఆ గుండుని ఎవరో కిందికి దించి పెడతారని ఎదురుచూస్తున్నాడు. ఆ ఆటలో దించేవాడెవడూ లేడు. దాని కింద వందలసార్లు పరుగెత్తిన తనకి ఈ ఆలోచనే రాలేదు. ముందు తండ్రి మీద ఒళ్లు మండింది, తర్వాత తన మీదే మండింది. చెప్పడానికి మాత్రం షరతు అడ్డు.

ఆరో రోజు ఆమె కోహ్కా బజారు నుంచి కూరలు తెచ్చేసరికి టీవీలోంచి గెలుపు బూర మోగుతోంది. తెర మీద సింహాసనం, దాని మీద తండ్రి ఆడించిన బొమ్మ. అప్పలసూరి మొహం చాటంత చేసుకుని, ఎలా వచ్చాడో చూపించాడు. గోడ పక్కన పేర్చిన పీపాల్ని పగలగొడితే వెనక ఒక కాలువ ఉంది. గుండు జోలికి పోకుండా, అందులోంచి పాక్కుంటూ కోట చుట్టూ తిరిగి వచ్చాడు. రాసిన మనిషికే తెలియని దారి. పుస్తకం సోఫా మీద మూసి ఉంది, నలభై ఒకటి తర్వాత ఒక్క టిక్కూ లేదు.

ఆటలో ఆయన గెలిచాడు, పుస్తకం ఓడింది. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు.

అప్పలసూరి చివరి పేజీ తెరిచి జేబులోంచి పెన్ను తీశాడు. ‘ఈ పుస్తకం ప్రకారం ఆట పూర్తి చేశాను’ అని రాశాడు. డ్యూటీకి అయిదు నిమిషాలు ఆలస్యమైతే ఆ అయిదు నిమిషాలూ తన చేత్తోనే లాగ్‌బుక్కులో రాసుకునే మనిషి. సంతకం పెట్టబోతుంటే అరుణజ్యోతి చెయ్యి పట్టుకుంది.

“లాగ్‌బుక్కులో ఎప్పుడైనా అవ్వనిది అయిందని రాశావా నాన్నా?”

“నేదు.”

“మరి ఇదేటి?”

“అది ప్లాంటు. నువ్వు నా కూతురివి.”

ఆమెకి ఏడుపొచ్చింది. ఆయన ఓడావని వెక్కిరించి ఉంటే ఇంత కష్టంగా ఉండేది కాదు.  పెన్ను తీసుకుని ఆ వాక్యం కొట్టేసి, దాని కింద ‘నలభై ఒకటో పేజీ దగ్గర పుస్తకం పనిచేయలేదు’ అని రాసి తండ్రి ముందుకి జరిపింది.

అప్పలసూరి చాలాసేపు చూసి సంతకం పెట్టాడు. కింద తేదీ, టైమూ వేశాడు. ఆమె ఫోన్ తీసి రైల్వే ఫారం నింపడం మొదలుపెట్టింది. అప్పలసూరి అటువైపు చూడలేకపోయాడు.