గడప లోపలి గాలి

డిగ్రీ వదిన మొగుడికి తాగుడు లేదు, పేకాట లేదు, ముక్కు మీద కోపం లేదు. ఉన్నదల్లా ఒకటే జబ్బు. ఇంట్లో ఎక్కడ నలుపు కనబడినా అది పెళ్ళాం పొయ్యి నలుపే అంటాడు. కిటికీ చువ్వ నల్లబడితే పొయ్యి వల్ల. ఉతికి ఆరేసిన దుప్పటి నల్లబడితే పొయ్యి వల్ల. ఒకరోజు డ్యూటీ నుంచి వచ్చి మొహం తుడుచుకుంటే తువాలంతా మసి.

"ఏమే, ఇవాళ కూడా ఏదో మాడ్చావా?" అన్నాడు.

"మీ మొహం మాడ్చాను. కూర బాగానే ఉంది," అంది వదిన.

ఈ సంభాషణ జరుగుతున్నప్పుడు కిటికీకి ఎనిమిది అడుగుల దూరంలో ఒక లారీ నిలబడి ఉంది. దాని వెనక ఇంకోటి, దాని వెనక మరోటి. వరుస మలుపు తిరిగి ఆస్పత్రి గోడ దాకా పోయింది. ఒక్క బండీ కదలడం లేదు. ఒక్క ఇంజనూ ఆగడం లేదు.

సరుకు యార్డు కార్మికుల క్వార్టర్లవి. ముందు వరుస ఇరవై ఇళ్ళు, వెనక వరుస ఇరవై. యార్డును కాంట్రాక్టు కంపెనీ తీసుకున్నప్పటి నుంచి ఆ రోడ్డు లారీలకి నిలబడే చోటయింది. వదిన మొగుడు గేటు దగ్గర గుమాస్తా. లారీలకి టోకెన్లివ్వడం, చేతిమైకులో నంబర్లు పిలవడం అతని పని. క్వార్టర్ల కమిటీకి అతనే సెక్రటరీ. అందరూ అలాగే పిలుస్తారు. వదిన బి.ఎస్సీ. చదివింది. చదివిన రసాయన శాస్త్రం పదేళ్ళుగా మరకలు వదిలించడానికే పనికొచ్చింది. అయినా నలభై ఇళ్ళలో డిగ్రీ ఉన్న ఆడది ఆమె ఒక్కతే కాబట్టి డిగ్రీ వదిన అయి కూర్చుంది.

వాళ్ళకి ఏడేళ్ళ కూతురు. ఊపిరి తీస్తే పిల్లికూతలు. మూడు మెట్లెక్కితే నాలుగో మెట్టు మీద కూలబడుతుంది.

"ఇల్లు మార్చండి. లేకపోతే ఇంట్లో గాలన్నా మార్చండి," అన్నాడు డాక్టరు.

క్వార్టరు ఖాళీ చేస్తే ఉద్యోగం ఖాళీ చేసినట్టేనని కంపెనీ కాగితంలో ఉంది. కాబట్టి వదిన గాలి మార్చడానికి నడుం కట్టింది. చీపురు మూల పడేసి తడిగుడ్డ పట్టింది. ఊడిస్తే మసి లేచి మళ్ళీ ముక్కులోకే వస్తుంది, తుడిస్తే గుడ్డకంటుకుంటుంది. రోడ్డు వైపు కిటికీ సందుల్లో పాత చీర పేలికలు కూరింది. అన్నీ మూసుకు కూర్చుంటే లోపలి పొగ లోపలే ఉడుకుతుంది కనుక, మధ్యాహ్నం రెండింటికి యార్డు షిఫ్టు మారి లారీల వరుస పలచబడే అరగంటసేపు వెనక వైపు తలుపులన్నీ బార్లా తెరిచేది. ఆస్పత్రిలో రోగిని చూడ్డానికున్నట్టు మా ఇంట్లో గాలికి కూడా వేళలున్నాయి అనేది.

వెనక వరుసలో మిషనక్క ఉంటుంది. కుట్టుమిషను మీద బతికే మనిషి, నోరు కూడా మిషనే. వదిన అడిగితే, టేబుల్ ఫ్యాను వెనక బిగించడానికి మూడు పొరల తెల్ల వడపోత సంచి కుట్టిపెట్టింది. పొద్దున కట్టిన తెల్ల సంచి సాయంత్రానికి బూడిద రంగు, మర్నాటికి నలుపు. అది మింగిన మసి పిల్ల ఛాతీలోకి పోలేదు కదా. పిల్లికూతలు సగానికి సగం తగ్గాయి. వారం తిరిగేసరికి నలభై ఇళ్ళలోనూ ఫ్యాన్లు సంచులు కట్టుకున్నాయి.

"ఏం కర్మ వదినా! నా పిల్లలకి గౌన్లు కుట్టే తీరిక లేదు గానీ ఫ్యాన్లకి లంగాలు కుడుతున్నాను," అంది మిషనక్క.

నవ్వుకున్నారు. కానీ సంచి ఎన్నిసార్లు మార్చినా కిటికీ ముందు లారీ మారదు కదా!

ఒకనాడు ముసలి డ్రైవరొకడు కిటికీ తట్టి మంచినీళ్ళడిగాడు.

"పెద్దాయనా, నిలబడ్డ బండికి ఇంజనెందుకు?" అంది వదిన.

"ఆపితే టోకెన్ చింపేస్తారు తల్లీ. పిలిచిన నిమిషంలో కదలాలంట. చింపితే మళ్ళీ వరుస చివరికి పోవాలి, ఒక రోజు గల్లంతు."

"ఎవరు చింపేది?"

"గేటు దగ్గర గుమాస్తా ఉన్నాడు కదా, మైకు పట్టుకుని. మంచోడేలే. చింపేటప్పుడు 'ఏమనుకోకు బాబాయ్' అంటాడు."

వదిన నీళ్ళిచ్చింది. ఆ మంచోడు ఎవరి మొగుడో చెప్పడానికి మాత్రం నోరు రాలేదు.

సాయంత్రం నిలదీసింది. "రూలు నేను పెట్టానా?" అన్నాడు సెక్రటరీ. "చేయి మీదే కదండీ," అంది వదిన. "నేను చింపకపోతే వాళ్ళు నన్ను చింపుతారే!" అని అతను అన్నం కలుపుకున్నాడు.

క్వార్టర్లు గొడవ చేస్తే కంపెనీ సేఫ్టీ ఆఫీసరు దిగాడు. కమిటీ హాలు కిటకిటలాడింది. ఆఫీసరు ఇస్త్రీ మడత నలక్కుండా కుర్చీ అంచున కూర్చున్నాడు.

"గడప బయటి గాలి రోడ్డుది. రోడ్డు కంపెనీది కాదు," అన్నాడు. "గడప లోపలి గాలి మీది. వంటలు మీవి, వేపుళ్ళు మీవి, దోమల చుట్టలు మీవి. లోపలి గాలికి మమ్మల్ని అడిగితే ఎలా?"

"గడప దగ్గరికి రాగానే గాలి పేరు మార్చుకుంటుందా సార్?" అంది మిషనక్క.

హాలు గొల్లుమంది. ఆఫీసరు నవ్వలేదు. సంచిలోంచి కాగితం తీశాడు. అయినా కంపెనీకి మానవత్వం ఉందట. ముందు వరుస ఇరవై ఇళ్ళకి గాలి శుభ్రం చేసే యంత్రాలు ఇస్తుందట. ఇళ్ళలో పొగకి ముఖ్య కారణం వంటే అని కమిటీ తరఫున ఒక్క సంతకం పెడితే చాలట.

"మరి వెనక వరుస?" అని ఎవరో అరిచారు.

"మీకు రోడ్డు దూరం కదా," అన్నాడు ఆఫీసరు. ఆ దూరం ఒక ఇల్లు, ఒక మురిక్కాలవ.

సెక్రటరీ సంతకం పెట్టాడు. ఇక్కడ ఒక సంగతి దాచడానికి వీల్లేదు. వదిన అడ్డుపడలేదు. కాగితం ఆమె కూడా చదివింది. చదివి, పిల్ల వైపు చూసి, నోరు మూసుకుంది. ఆమె ఇల్లు ముందు వరుసలో ఉంది మరి. కార్మికుల్ని రెండుగా చీల్చడానికి కంపెనీలకి ఎప్పుడూ పెద్ద కత్తి అక్కర్లేదు. ఒక మురిక్కాలవ సరిపోతుంది.

మర్నాడు కుళాయి దగ్గర మిషనక్క బిందె దించింది. "అదృష్టవంతులు వదినా. మీ వరుసకి ఊపిరితిత్తులున్నాయని కంపెనీ ఒప్పుకుంది," అంది. అంతే, మాటలు ఆగిపోయాయి.

యంత్రం తొమ్మిది రోజులు పిల్లి గుర్రులా నడిచింది. పిల్ల నిద్రపోయింది. పదో రోజు ఎర్రదీపం వెలిగింది. విప్పితే లోపలి జల్లెడ బొగ్గుపలక. కొత్త జల్లెడ కోసం కంపెనీకి పోతే ఆఫీసరు కళ్ళజోడు పైనుంచి చూశాడు. "అంత నలుపా? తక్కువ వండండమ్మా," అన్నాడు.

వదిన అక్కణ్ణించి ఇంటికి పోలేదు. మురిక్కాలవ దాటి మిషనక్క గుమ్మంలో కూర్చుంది. మిషనక్క తిట్టాల్సినవన్నీ తిట్టింది. వదిన తినాల్సినవన్నీ తింది. తిట్లయ్యాక మిషనక్క అడిగింది, "ఇప్పుడేం చేద్దాం?"

"నింద పొయ్యి మీద కదా," అంది వదిన. "పొయ్యి ఆర్పేద్దాం."

మూడు రోజులు. నలభై ఇళ్ళలో ఒక్క పొయ్యీ వెలగలేదు. దోమల చుట్ట కూడా ముట్టించలేదు. ఫ్యాన్లకి కొత్త తెల్ల సంచులు కట్టారు. రొట్టె ముక్కలు, పళ్ళు, నానబెట్టిన గింజలు. మగవాళ్ళు రుసరుసలాడారు.

"కడుపు మాడుతోందే!" అన్నాడు సెక్రటరీ రెండో రోజు.

"మాడనీండి. ఆ నలుపు కూడా నా మీదే పెడుదురు గాని," అంది వదిన.

మూడో రోజు పొద్దున సంచులు విప్పి వాకిట్లో పరిచారు. నలభై సంచులు, నలభై నలుపులు. ఎప్పటి నలుపే, ఒక వన్నె కూడా తగ్గలేదు. వాటి చుట్టూ జనం మూగుతుండగానే వదిన ఇంట్లోంచి సెక్రటరీ కేక వినబడింది.

పిల్లకి ఊపిరి ఆడడం లేదు. పెదాలు నీలం. సెక్రటరీ భుజాన వేసుకుని పరుగు తీశాడు. ఆటో రావడానికి దారేది? రోడ్డంతా లారీలే. తను నంబర్లు వేసి నిలబెట్టిన లారీల మధ్యనుంచి, వాటి పొగగొట్టాల ఎదురుగా, ఒక్కో బండీ దాటుకుంటూ ఆస్పత్రి గోడ దాకా కూతుర్ని మోశాడు. గొట్టం వచ్చిన ప్రతిసారీ అరచేత్తో పిల్ల ముక్కు మూశాడు. ఊపిరాడని పిల్లకి ముక్కు మూయాల్సి వచ్చిన తండ్రిని తలుచుకోండి.

వార్డులో ఆక్సిజను పెట్టాక డాక్టరు అడిగాడు. "ఇంట్లో పొద్దున ఏం వండారు?"

సెక్రటరీ నోరు తెరిచాడు. వెంటనే మూసేశాడు. వదిన అతని వంకే చూస్తూ నిలబడింది. తిట్టి ఉంటే అతనికి తేలికయ్యేది.

గండం గడిచిందన్నారు. ఇంకోసారి వస్తే చెప్పలేమన్నారు. మధ్యాహ్నానికి కంపెనీ నుంచి ఫోను: షిఫ్టుకి రాకపోతే గైర్హాజరు. సెక్రటరీ పోయాడు. పిల్ల దగ్గర మిషనక్క తల్లిని కూర్చోబెట్టి వదినా పోయింది. అతను గేటుకి, ఆమె రోడ్డుకి.

రెండింటికి వరుస పలచబడ్డ సందులో నలభై ఇళ్ళూ రోడ్డెక్కాయి. మంచాలు, చాపలు, ముసలివాళ్ళు, చంటిపిల్లలు, ఆరిన పొయ్యిలు. వదిన సుద్దముక్కతో రోడ్డుకి అడ్డంగా ఒక గీత గీసింది.

"ఇదిగో గడప!" అని అరిచింది. "గడప లోపలి గాలి మాదన్నారు కదా! ఇక నుంచి మా ఇల్లు ఇది. మా ఇంట్లో ఎవడైనా ఇంజను వేశాడో, చూస్తాం!"

"గాలి మాది!" అన్నారు జనం. "ఇంజన్లు ఆపు! రూలు ఎత్తెయ్!"

లారీలు హారన్లు మోగించాయి. ఒక కుర్ర డ్రైవరు కిందకి దూకాడు. "ఏంటమ్మా ఇది? మా కడుపులు కొడతారా?"

"నీ బండి మీద కాదు బాబూ మా కోపం. ఇంజను ఆపనివ్వని రూలు మీద. నువ్వు మాత్రం రోజంతా ఏం పీలుస్తున్నావు, సెంటా?"

వాడు జవాబు చెప్పబోయి దగ్గాడు. ఆ దగ్గు ఆగడానికి చాలాసేపు పట్టింది. నీళ్ళడిగిన ముసలి డ్రైవరు వచ్చి వాడి వీపు నిమిరాడు. తర్వాత గీత దాటి, చెప్పులు పక్కన పెట్టి చాప మీద కూర్చున్నాడు. ఇంకో ఇద్దరు కూర్చున్నారు. బళ్ళ ఇంజన్లు మాత్రం నడుస్తూనే ఉన్నాయి. టోకెన్ భయం వేళ్ళలోకి ఇంకిపోయింది, మనిషి దిగినా వేలు తాళం తిప్పదు.

పోలీసు వ్యాను వచ్చింది. వెనకే సేఫ్టీ ఆఫీసరు, చేతిలో ఆ కాగితం.

"వీళ్ళ సెక్రటరీయే సంతకం పెట్టాడు సార్," అన్నాడు ఇన్‌స్పెక్టరుతో. "పొగ వంటదేనని. ఇదంతా ఈ చదువుకున్నావిడ నాటకం."

ఇన్‌స్పెక్టరుకి నాటకాలు చూసే ఓపిక లేదు. వదినని, మిషనక్కని రెక్క పట్టి లేపారు. "నడువమ్మా!" "చెయ్యి తియ్యి! నడక నాకొచ్చు," అంది మిషనక్క. ఆడవాళ్ళు వ్యానుకి అడ్డంగా పడుకున్నారు. లాఠీలు లేచాయి. చంటిపిల్లల ఏడుపులు, ఇంజన్ల రొద, ఎవరి మాటా ఎవరికీ వినబడడం లేదు.

ఆఫీసరు గేటు వైపు చేయి ఊపాడు. సెక్రటరీ చేతిమైకుతో వచ్చాడు. రాత్రింబవళ్ళు నంబర్లు పిలిచిన గొంతు, ఆ రోడ్డు మీద అందరూ ఆగి వినే గొంతు అదొక్కటే.

"చెప్పవయ్యా," అన్నాడు ఆఫీసరు. "సంతకం నీదేనని, పొగ వంటదేనని చెప్పి జనాన్ని లోపలికి పంపు. లేకపోతే రేపట్నుంచి గేటూ లేదు, క్వార్టరూ లేదు."

సెక్రటరీ మైకు ఎత్తాడు. వ్యాను మెట్టు మీద ఒక కాలు పెట్టిన వదిన ఆగింది. జనం కూడా ఆగారు. మైకు కీచుమంది.

"అన్ని బళ్ళూ..." అన్నాడు. మళ్ళీ అన్నాడు. "అన్ని బళ్ళూ ఇంజన్లు ఆపండి. టోకెన్ చింపేది నేను. ఇవాళ చింపను."

ఎవరూ నమ్మలేదు. ముసలి డ్రైవరే ముందు లేచి పోయి తాళం తిప్పాడు. ఆ వెనకది ఆగింది. తర్వాతది. మలుపు తిరిగి, ఆస్పత్రి గోడ దాకా, ఒకదాని తర్వాత ఒకటి నోళ్ళు మూసుకున్నాయి. ఆ రోడ్డు మీద మనిషి మామూలు గొంతుతో మాట్లాడితే వినబడే పరిస్థితి ఏళ్ళ తర్వాత వచ్చింది.

ఆఫీసరు మైకు లాక్కోబోయాడు. కుర్ర డ్రైవరు అడ్డం నిలబడ్డాడు.

"ఆ కాగితం మీద సంతకం నాది," అన్నాడు సెక్రటరీ లారీల వంక చూస్తూ. "మూడు రోజులు మా ఇంట్లో పొయ్యి వెలగలేదు. ఈ పొద్దున నా కూతురు..."

"అటు కాదు," అంది వదిన వ్యాను మెట్టు మీంచి. "ఇటు తిరిగి చెప్పండి."

అతను తిరిగాడు. మైకు దించేశాడు. పెదాలు కదిలాయి.

"వినబళ్ళేదన్నా! మైకులో!" అంది వెనక వరుస.

ఇన్‌స్పెక్టరు వదినని లోపలికి తోశాడు. తలుపు చువ్వల వెనక ఆమె మొహం కనిపించింది. సెక్రటరీ మైకు మళ్ళీ నోటి దగ్గర పెట్టుకున్నాడు.

"పొగ పొయ్యిది కాదని నాకు మొదట్నుంచీ తెలుసు," అన్నాడు. "తెలిసే సంతకం పెట్టాను. తప్పు నాది."