పద్నాలుగు రోజుల ఉపవాసం

"పాలు తాగితే అది ఉపవాసం ఎట్లయితది అత్తమ్మా? మా ఇంట్ల మంచినీళ్ళు తప్ప ఏం ముట్టకపోతుండె" అంది దివ్య, టిఫిన్ డబ్బా మూత బిగిస్తూ.

"మీ ఇంట్లో సంగతి వేరు. మా అమ్మ నలభై రోజులు పాల మీదే ఉండేది. దేవుడు గ్లాసులో ఏముందో చూడడు, మనసు చూస్తాడు."

"మనసే చూస్తడు గదా, మరి వెనిల్లా ఎందుకు?"

అమ్మ టేబుల్ మీదున్న, నేను పాలల్లో కలుపుకునే వెనిల్లా ప్రోటీన్ పొడి డబ్బాను తిప్పి తిప్పి చూసింది. కళ్ళజోడు లేకుండా ఆ అక్షరాలు ఆమెకు కనిపించవని నాకు తెలుసు.

"మందులాంటిదేలే. మా ప్రశాంతి నర్సు. ఎంత బలం నిలుపుకోవాలో దానికి తెలుసు. నీకు బస్సు టైమయింది, వెళ్ళమ్మా."

దివ్య తెల్లాపూర్‌లో ఒక స్కూల్లో టీచరు. మా తమ్ముడు స్టీఫెన్ భార్య. అత్తాకోడళ్ళిద్దరికీ ఈ వాదన మూడు రోజులుగా నడుస్తోంది. ఒకరు తేనె కలపొచ్చంటారు, ఒకరు వద్దంటారు. నేను ఇద్దరి మధ్యా ఆ వెనిల్లా గ్లాసు పట్టుకుని కూర్చుంటాను. ఒక్క మాట చెబితే ఇద్దరూ ఆగిపోతారు. నేను ఉపవాసం ఉండటం లేదు. ఆ మాటే నోటికి రావడం లేదు.

నేనుండేది ఐర్లండ్‌లో, కార్క్ అనే ఊళ్ళో. పదమూడేళ్ళుగా అక్కడ ఆసుపత్రిలో నర్సుని. వెళ్ళినప్పుడు డెబ్భై కేజీలు, ఇప్పుడు నూట పద్దెనిమిది. షుగర్, బీపీ, మోకాళ్ళు. పోయిన ఫిబ్రవరిలో మా వార్డులో ఒక పెద్దావిడ చెప్పు మంచం కిందికి పోయిందంటే మోకాళ్ళ మీద కూర్చుని తీసిచ్చాను. తిరిగి లేవలేకపోయాను. మంచం పట్టుకున్నా, నేల మీద చెయ్యి ఆనించినా కాలేదు. ఆవిడకు ఎనభై ఆరేళ్ళు, తుంటి ఎముక విరిగి మా దగ్గర చేరిన మనిషి. చివరికి ఆవిడే బెల్లు నొక్కింది, నా కోసం.

అక్కడ బరువు తగ్గే ఆపరేషన్‌కి పేరు రాయించుకుని రెండేళ్ళు దాటింది. ఎప్పుడు పిలుస్తారో చెప్పలేమన్నారు. ఇక్కడ గచ్చిబౌలి దాటాక ఉన్న ఒక ఆసుపత్రి వాళ్ళతో ఫోన్లోనే మాట్లాడుకుని, ఐదు వారాల సెలవు పెట్టి వచ్చాను. మా ఆయన ప్రభుదాస్‌కి చెబితే "నీ ఇష్టం" అన్నాడు. అది ఒప్పుకోవడమో, చేతులు దులుపుకోవడమో నాకు ఇప్పటికీ తెలియదు.

ఆపరేషన్‌కి ముందు పద్నాలుగు రోజులు ద్రవాలే తీసుకోవాలి. ఇంత లావు మనుషులకు కాలేయం పెరిగి పొట్టకు అడ్డం ఉంటుంది, అది కాస్త కుంచించుకుంటే గానీ డాక్టర్లకు దారి దొరకదు. ఒక్క పూట తప్పినా వాయిదా వేయాల్సి రావచ్చని డైటీషియన్ రెండుసార్లు చెప్పింది. వాయిదా పడితే నాకు సెలవు లేదు.

మొదటిరోజు మధ్యాహ్నం అమ్మ కంచం పెట్టి పిలిచింది. "కొన్నాళ్ళు అన్నం తిననమ్మా" అన్నాను. ఎన్నాళ్ళంది. పద్నాలుగు రోజులన్నాను. అమ్మ చేతిలో గరిటె పక్కన పెట్టేసింది. ఆమె కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి.

"తమ్ముడి కోసమా?"

స్టీఫెన్ ఉద్యోగం పోయి అప్పటికి నాలుగు నెలలు. రోజూ తొమ్మిదింటికి ఇస్త్రీ చొక్కా వేసుకుని బాల్కనీలో లాప్‌టాప్ ముందు కూర్చుంటాడు. ఎదురుగా పాత ఆఫీసు ఉన్న వైపే అద్దాల భవంతులు కనిపిస్తాయి. మధ్యాహ్నానికి బాల్కనీ కర్టెన్ వేసేస్తాడు.

కాదమ్మా అనాలి. అనలేదు. అమ్మ నన్ను దగ్గరకు తీసుకుని నుదుటి మీద ముద్దు పెట్టింది. చిన్నప్పటి నుంచీ నన్ను ప్రార్థనలో నిద్రపోయే పిల్లనని తిట్టిన మనిషి.

సాయంత్రానికి ఆ సంగతి మా చర్చి సంఘం వాట్సాప్ గ్రూపులో ఉంది. "మా అమ్మాయి ప్రశాంతి పద్నాలుగు దినముల ఉపవాస ప్రార్థనలో ఉన్నది." మర్నాటి నుంచీ తమ కోసం ప్రార్థన చెయ్యమని ఫోన్లు. ఒకరికి వీసా, ఒకరికి పిల్ల పెళ్ళి, ఒకరికి అద్దె ఇంటి గొడవ. బాచుపల్లి నుంచి మా రత్నమాల పిన్ని ఆటో కట్టించుకుని వచ్చి, నడుం నొప్పని నా చెయ్యి తీసి తన నడుం మీద పెట్టుకుంది.

"పిన్నీ, డాక్టరుకి చూపించుకో."

"చూపించా. ఆయన బరువు తగ్గమన్నాడు. నీ చెయ్యి అంతకంటే నయం కదే" అని నవ్వింది. పిన్నిది తొంభై కేజీలుంటుంది. ఆ నవ్వులో కలవలేక నీళ్ళు తేవడానికి లేచాను.

చెప్పాలని చూడలేదని కాదు. ఎనిమిదో రోజు, దివ్య స్కూలుకి వెళ్ళాక, అమ్మ నా తలకు నూనె రాస్తోంది. "మొహం చిక్కిందే" అంది మురిపెంగా. ఇదే అదను అనుకున్నాను.

"అమ్మా, నేను ఒక ఆసుపత్రిలో చూపించుకున్నాను."

నా తల మీద అమ్మ వేళ్ళు ఆగిపోయాయి.

"ఎందుకు?"

"మోకాళ్ళకు" అన్నాను.

వేళ్ళు మళ్ళీ కదిలాయి.

ఆరేళ్ళ క్రితం నాన్నకు పిత్తాశయంలో రాళ్ళు. ఆపరేషన్‌కి భయపడి నెల రోజులు నాన్చాడు. మా నాన్న ఇశ్రాయేలు మాస్టారు బడిలో ఎంత గట్టి మనిషో సూదికి అంత భయస్థుడు. నేనే కార్క్ నుంచి రోజూ ఫోన్ చేసి ఒప్పించాను. "మూడు చిన్న రంధ్రాలు, అంతే నాన్నా. మూడో రోజుకి ఇంట్లో ఉంటావు." మూడో రోజు జ్వరం వచ్చింది. తొమ్మిదో రోజు పోయాడు. ఇన్‌ఫెక్షన్ అన్నారు, ఎవరి తప్పూ లేదన్నారు. ఎవరి తప్పూ లేకుండా కూడా అలా జరుగుతుందని నర్సుగా నాకు తెలుసు. కూతురిగా ఏం తెలుసో నాకే అర్థం కాదు. అమ్మ నన్నెప్పుడూ ఒక్క మాట అనలేదు. అని ఉంటే బాగుండేది. అప్పటి నుంచీ అమ్మ ఆసుపత్రి గడప తొక్కలేదు. పంటి నొప్పికి కూడా లవంగంతోనే కాలం గడుపుతుంది.

ఇక మిగిలింది స్టీఫెన్. ఆసుపత్రి కాగితాల్లో వెంట ఉండే మనిషి పేరు రాయమంటే అడక్కుండానే వాడి పేరు రాశాను. శుక్రవారం బాల్కనీలోకి వెళ్ళి వాడి పక్కన కుర్చీ లాక్కున్నాను.

"ఒరేయ్, నీతో ఒక మాట."

"నేనే చెప్పాలక్కా" అన్నాడు, లాప్‌టాప్ మీంచి కళ్ళు తీయకుండా. "ఈ నాలుగు నెలల్లో అందరూ సలహాలే ఇచ్చారు. నాతో పాటు కడుపు మాడ్చుకుంది నువ్వొక్కదానివే. సిగ్గుగా ఉందక్కా. రేపు ఆఖరి రౌండ్ ఇంటర్వ్యూ ఉంది, ఎవరికీ చెప్పలేదు. నీకే చెబుతున్నా."

"నువ్వు బాగా చేస్తావు రా" అన్నాను. నేను చెప్పాల్సింది అలాగే ఉండిపోయింది.

శనివారం నాలుగింటికి వాడు గదిలోంచి బయటికొచ్చి సోఫాలో కూలబడ్డాడు. పోయిందనుకున్నాం. ఫోన్ దివ్య చేతికిచ్చాడు. దివ్య చదివి "సోమవారమే జాయినింగట!" అని అరిచి అత్తగారిని వాటేసుకుంది. అమ్మ నా దగ్గరకు వచ్చింది. నా రెండు చేతులూ పట్టుకుని కళ్ళకద్దుకుంది. తల్లి కూతురి చేతులు కళ్ళకద్దుకోవడం ఏమిటి? లాక్కోబోయాను. గట్టిగా పట్టుకుంది.

ఆ సందడిలోనే నా ఫోన్ మోగింది. ఆసుపత్రి నుంచి కోఆర్డినేటర్ అమ్మాయి. వంటింట్లోకి వెళ్ళి తీశాను.

"మేడమ్, బుధవారం ఆపరేషన్ స్లాట్ కన్ఫర్మ్ చేయమంటారా? వెంట ఎవరొస్తున్నారు?"

స్టీఫెన్ సోమవారం చేరి బుధవారం సెలవు అడగలేడు. "రేపు చెబుతానమ్మా" అన్నాను. మానేస్తే ఏమవుతుందని ఆ సాయంత్రమంతా ఆలోచించాను. ఏమీ కాదు. ఉపవాసం ఫలించిన అక్కగా తిరిగి వెళ్తాను. మళ్ళీ ఎవరిదో ఒక చెప్పు మంచం కిందికి పోతుంది.

బయటికొచ్చేసరికి అమ్మ రేపటి వంట గురించి చెబుతోంది. ప్రార్థన నెరవేరింది కాబట్టి ఇక పద్నాలుగు రోజులు ఆగక్కర్లేదట. రేపు ఆరాధన అయ్యాక ఉపవాసం విడవాలి. మా ఇంట్లో అదొక పద్ధతి. ఉపవాసం ముగించినవాళ్ళకు ఇంటి పెద్ద తన చేత్తో మొదటి ముద్ద పెట్టాలి, ఆ తర్వాతే మిగతావాళ్ళు కంచంలో చెయ్యి పెట్టాలి. నాన్న ఉన్నప్పుడు నాన్న పెట్టేవాడు.

"పద్నాలుగు అనుకున్నాను కదమ్మా, పూర్తి చేస్తాను" అన్నాను.

"దేవుడిచ్చేశాక ఇంకా అడుగుతావా? అత్యాశ అవుతుంది" అంది.

ఆదివారం చర్చి నుంచి వచ్చేసరికి రత్నమాల పిన్ని కూడా మాతో వచ్చేసింది. మటన్ కూర, పులావు, గోంగూర పచ్చడి. పన్నెండు రోజుల తర్వాత ఆ వాసన తగిలితే నోట్లో నీళ్ళూరాయి. అబద్ధమెందుకు, ఏడుపు వచ్చినంత పనైంది. అందరం టేబుల్ చుట్టూ కూర్చున్నాం. అమ్మ ప్రార్థన చేసింది. నాన్న పేరు, స్టీఫెన్ పేరు, నా పేరు. నా పేరు రెండుసార్లు చెప్పింది. ఆమెన్ అన్నారు. అమ్మ లేచి వచ్చి నా పక్కన నిలబడి, పులావులో కూర కలిపి ముద్ద చేసింది. మెత్తటి ముక్క ఏరి దాని మీద పెట్టింది.

"నోరు తెరువు తల్లీ."

నాలుగు మొహాలు నా వైపే చూస్తున్నాయి. నోరు తెరిచి తినేస్తే అందరికీ సుఖం. నాక్కూడా, ఆ కాసేపటికి.

"నేను తినకూడదమ్మా."

"చెప్పాను కదే, నెరవేరిందని."

"నేను ఉపవాసం లేనమ్మా. డాక్టరు చెప్పిన డైట్ ఇది."

దివ్యే ముందు తేరుకుంది. "డబ్బ చూసినప్పుడే అనుకున్న నేను" అంది మెల్లగా. స్టీఫెన్ ఆమెను మోచేత్తో పొడిచాడు. వాడి మొహం చూడలేకపోయాను.

"నీ ఉద్యోగం నీ కష్టంతోనే వచ్చింది రా" అన్నాను.

"డైటేంటక్కా?"

"పొట్ట చిన్నది చేసే ఆపరేషన్. దానికి ముందు ఇలా ఉండాలి."

"యేసయ్యా" అంది పిన్ని. "లావుకి కోయించుకుంటారంటే? నడిస్తే తగ్గదూ?"

అమ్మ మాత్రం ముద్ద అలాగే పట్టుకుని నిలబడింది. కూర నూనె ఆమె మణికట్టు దాకా కారుతోంది. తుడుచుకోలేదు.

"మూడు రంధ్రాలేనా?" అంది.

ఆరేళ్ళలో ఆ మాట ఎత్తడం అదే మొదలు. నాన్నకు నేను చెప్పిన మాట అమ్మకు అక్షరం తప్పకుండా గుర్తుంది. మళ్ళీ ఏదో ఒక చిన్న అంకె చెప్పాలనిపించింది. చెప్పలేకపోయాను.

"ఐదమ్మా."

అమ్మ ముద్దను తిరిగి కంచంలో పెట్టింది. చెయ్యి కడుక్కోకుండానే కుర్చీలో కూర్చుంది. పులావు మీద ఆవిరి తగ్గిపోతోంది. ఎవరూ కంచంలో చెయ్యి పెట్టలేదు.

"ఎప్పుడు?" అంది అమ్మ.

"బుధవారం. పొద్దున ఆరింటికి రమ్మన్నారు." కుర్చీ అమ్మ వైపు తిప్పుకున్నాను. "భయంగానే ఉందమ్మా. అయినా వెళ్తున్నాను."