ఊపిరి గొట్టం

ఆదివారం వచ్చిందంటే ఇజాజ్‌ను పట్టలేం. వారమంతా ఎనుమాముల మార్కెట్లో మిర్చి బస్తాల మధ్య తుమ్ముకుంటూ గడిపే మనిషి, ఆ ఒక్క పొద్దున మాత్రం ఇస్త్రీ చొక్కా తొడిగి, మెడలో చిన్న మైకు తగిలించుకుని, వరంగల్ గల్లీలన్నీ తన తాత జాగీరన్నట్టు నడుస్తాడు. వెనకాల ఓ గుంపు. కోటా, గుడీ అందరూ చూపిస్తారు. ఇజాజ్ చూపించేవి ఎవరికీ పట్టనివి: కిరాణా కొట్టుకు మెట్టయి కూర్చున్న చెక్కడపు రాయి, మట్టికోట కట్ట మీద మొలిచిన ఇళ్లు, పూడిపోయిన బావులు.

బావుల దగ్గరికి వచ్చేసరికి గొంతు తగ్గిస్తాడు. "బాయిని పూడ్శినా దాని ఊపిరి తియ్యొద్దంటరు మనోళ్లు. అందుకే పూడ్శేటప్పుడు నిలువుగ ఒక గొట్టం ఇడుస్తరు. గొట్టం కనవడ్డ కాడ కింద బాయి ఉన్నట్టే" అంటాడు. జనం ఒక్కొక్కరే వంగి గొట్టానికి చెవి పెడతారు. కొందరు నవ్వుతారు, కొందరు నవ్వలేక లేస్తారు.

అన్నీ దొరికాయి గానీ, చిన్నప్పటి నుంచీ పేరు మాత్రమే విన్న జాలు బావి ఒక్కటే దొరకలేదు. శివనగర్ వెనక, తను పుట్టి పెరిగిన గల్లీలోనే ఎక్కడో ఉండాలి. ముసలివాళ్లను కదిలిస్తే చాయ్ తాగమని మాట మారుస్తారు. దొరికిన రోజు వీడియో తీసి ఊరందరికీ చూపిస్తానని ఇజాజ్ మైకులో చాలాసార్లు చాటాడు.

ఆ పంతం ఈ మధ్య కాస్త చల్లబడింది. తల్లి దిల్షాద్ బేగం ఊపిరి సరిగ్గా ఆడటం లేదు. నెక్కొండలో కూతురి దగ్గర కొన్నాళ్లుండి వచ్చింది మొదలు ఇదే వరస. పొద్దు వాలితే చాలు, మంచం మీద లేచి కూర్చుని, ఎవరో గొంతు మీద చెయ్యి వేసినట్టు గాలికోసం పెనుగులాడుతుంది. దవాఖానకు తీసుకెళ్తే గేటు దాటకముందే మామూలుగా అయిపోతుంది. ఎక్స్‌రే శుభ్రంగా ఉందన్నారు. కొడుకు బట్టలకు అంటుకొచ్చే మిర్చి ఘాటేమోనని డాక్టర్ అంటే, ఇజాజ్ వాకిట్లోనే బట్టలు మార్చుకుని ఇంట్లోకి రావడం మొదలుపెట్టాడు. అయినా తగ్గలేదు. తల్లిని పోగొట్టుకుంటానేమోనన్న భయం అతనికి మొదటిసారి పట్టుకుంది.

ఒక గురువారం, జుమ్మెరాత్ సాయంత్రం, అతని భార్య ఫిజా అత్తగారి గదిలో ఊదుబత్తి వెలిగించింది. ఇజాజ్ తల్లి వీపు నిమురుతూ ఊరికే ఆ పొగను చూస్తున్నాడు. పొగ పైకి లేవలేదు. పుల్ల మీంచి వంగి, నేల మీదికి దిగి, పాక్కుంటూ మంచం కిందికి పోయింది. అతను మోకాళ్ల మీద కూర్చుని చూశాడు. మంచం కింద, గోడ మూలన, రెండు కొత్త బండల మధ్య సందులోకి ఆ పొగ సన్నని దారంలా దిగిపోతోంది. కింద నుంచి ఎవరో పీలుస్తున్నట్టే ఉంది. చెయ్యి పెడితే బండ చెమర్చి ఉంది.

అప్పుడు గుర్తొచ్చింది. ఆ మూలన ఒక తుప్పు పట్టిన ఇనుప గొట్టం ఉండేది. పాత బోరని చిన్నప్పటి నుంచీ అమ్మ చెప్పిన మాట. అందులో గోళీ వేసినందుకు ఒకసారి వీపు విమానం మోత మోగింది కూడా. అమ్మ నెక్కొండ వెళ్లినప్పుడు గదిలో కొత్త బండలు వేయిస్తూ, మేస్త్రీ భానుచందర్ అడ్డమంటే, కోసి సిమెంటు కొట్టెయ్యమన్నాడు ఇజాజే. ఊళ్లో గొట్టాలన్నీ వేలు పెట్టి చూపించే మొనగాడు! చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతకడమంటే ఇదే.

"బండలు ఏశినకాంచి కట్టమ్మ పెద్దమ్మ గూడ మనింటికి వస్తలేదు, చూశినవా?" అంది ఫిజా మెల్లగా.

నిజమే. ఎదురింటి కట్టమ్మ ఏళ్ల తరబడి పొద్దు వాలగానే వచ్చి, ఈ గదిలో తలుపు దగ్గరగా వేసుకుని కూర్చునేది. లోపలి నుంచి గుసగుసలు వినిపించేవి. అమ్మతో కష్టసుఖాలు చెప్పుకుంటోందని ఇంట్లో అందరూ అనుకునేవారు.

ఇజాజ్ గల్లీ దాటి వెళ్లి ఆమె గడప మీద కూర్చున్నాడు. ఏమీ దాచకుండా గొట్టం సంగతి చెప్పాడు. కట్టమ్మ చీపురు ఈనెలు సర్దుతూ చెప్పింది. ఆ ఇల్లు లేనప్పుడు అక్కడ జాలు బావి ఉండేదట. పూడిక తీయడానికి ఆమె భర్త ఎల్లస్వామి దిగాడు. చెవి మీద బీడీ పెట్టుకుని, పైకొచ్చాక తాగుతానని చెప్పి దిగాడు. ఒక పక్క రాతికట్టు జారి మీద పడింది. తీయబోతే ఇంకో పక్క జారింది. మనిషి దక్కడని తేలాక బావి ఆసామి పూడ్చెయ్యమన్నాడు.

"నేను ఒక్కటే అడిగిన బిడ్డా. గొట్టం బాయికి గాదు, నా మనిషికి ఇడువుండ్రి అన్న. మీ నాయిన ఆ జాగ కొన్నప్పుడు మీ అమ్మ నా చేతుల చెయ్యేశింది, గొట్టం మూయనియ్యనని."

"మరి నాకెందుకు చెప్పలే పెద్దమ్మా?"

"చెప్తే పది మందిని తోల్కొస్తవు. నా మనిషి తమాషా అయితడు. బండలు చూశి మీ అమ్మ నా కాడికొచ్చి ఏడ్శింది. పిల్లగాడు ముచ్చటపడి ఏయించుకున్నడు, పలగ్గొట్టకని నేనే అన్న. ఇయ్యాల ఆమె గొంతు మీద గూసున్నది రోగం గాదురా, ఆ మాట."

ఇజాజ్‌కు సిగ్గుతో తల కొట్టేసినంత పనైంది. తన ముచ్చట కోసం ఇద్దరు ఆడవాళ్లు నోరు కుట్టేసుకున్నారు. ఇంటికి వచ్చి మంచం జరిపి, సుత్తి ఉలి పట్టి తనే బండ పగలగొట్టాడు. దిల్షాద్ బేగం వద్దనలేదు, కళ్లు మూసుకుని కూర్చుంది. సిమెంటు బిరడా లోపలికి జారి ఎంతో లోతుకు పోయింది. కింద పడ్డ చప్పుడు మాత్రం రాలేదు.

ముందు గాలి లోపలికి పోయింది. కిటికీ పరదా ఇటు వంగింది, తలుపు దానంతటదే మూసుకుంది. ఆ పీల్పు ఎంతకూ ఆగలేదు. ఆగాక, వెనక్కి వచ్చింది. వెచ్చగా, తడి మట్టి వాసనతో, మెల్లగా. దానితో పాటే మంచం మీద దిల్షాద్ బేగం ఛాతీ నిండా ఊపిరి తీసి వదిలింది. లోపల ఒకటి, పైన ఒకటి, రెండూ ఒక్క లయలో. ఇజాజ్ ఉలి కింద పెట్టి వెనక్కి జరిగాడు. అయినా పారిపోలేదు. అమ్మ పెదాలకు రంగు తిరిగి రావడం చూస్తూ అక్కడే కూర్చుని ఏడ్చాడు.

ఆ సాయంత్రం కట్టమ్మ వచ్చింది. కొంగు తల మీదికి లాక్కుని గొట్టం దగ్గర చతికిలబడి, "మన పిల్లగాడే తీశిండు. కోపం జేయకు" అంది. ఇజాజ్ బయటికి వచ్చి తలుపు దగ్గరగా వేశాడు.

ఆదివారం గుంపు ఎప్పటిలాగే వచ్చింది. నడుస్తూ నడుస్తూ అతని ఇంటి ముందుకే చేరింది. అరుగు మీద దిల్షాద్ బేగం, ఫిజా చిక్కుడుకాయలు ఒలుస్తున్నారు. ఎదురింటి గడపలో కట్టమ్మ నిలబడి ఇటే చూస్తోంది. ప్రతి వారం వచ్చే పూజ అనే కాలేజీ అమ్మాయి జాలు బావి దొరికిందా అని అడిగింది. అతని బతుకులో అంతకన్నా పెద్ద సంగతి లేదు. నాలుక చివరిదాకా వచ్చింది.

"ఇక్కడ ఏ బాయీ లేదు" అన్నాడు.

వెనకున్న కిటికీలోంచి సన్నగా బీడీ వాసన వచ్చింది. ఆ ఇంట్లో బీడీ తాగేవాళ్లు ఎప్పుడూ లేరు. పూజ తల తిప్పి చూసింది. "లోపట ఎవరున్నరన్నా?"

ఇజాజ్ మైకు ఆపేశాడు.

"మా పెద్దనాయిన. పండుకున్నడు. జర మెల్లగ నడువుండ్రి."