నీళ్ళ పండగ చుట్టాలు

దుప్పటి అంచు పరుపు కిందికి దోపి, అరచేత్తో మంచం పొడుగునా ఒకసారి రాశాడు దొరబాబు. ముడత పోలేదు. మళ్ళీ లాగి దోపాడు. ఈ పరుపుకి కిటికీవైపు గుంట పడింది. అక్కడ ఎంత లాగినా బట్ట నిలవదు. యజమానికి చెప్పి చెప్పి ఊరుకున్నాడు. మడతపెట్టిన పాత తువ్వాలు ఒకటి ఆ గుంటలో పరిచి, పైన దుప్పటి వేసి, ఎవరికీ చెప్పకుండా పని కానిచ్చేశాడు.

పొట్టి మనిషి. ఒకప్పుడు ఓడల రేవులో తుప్పు గోకి గోకి కుడి భుజం కిందికి జారింది, ఎడమది పైనే ఉండిపోయింది. అందుకని ఏ చొక్కా వేసినా అరువు తెచ్చుకున్నదానిలాగే ఉంటుంది. జుట్టు నెరిసినా ఒత్తుగానే ఉంది. మెట్లెక్కేటప్పుడు మోకాళ్ళు రెండూ పోట్లాడుకుంటాయి. సింగపూరులో సెరంగూన్ రోడ్డు పక్కసందులో ఉన్న ఈ లాడ్జిలో పక్కలు వేయడం, గదులు తుడవడం, దుప్పట్లు ఉతికి ఇస్త్రీ చేయడం అతని పని. ఈ పని ఎప్పుడు మొదలుపెట్టాడని అడిగితే, కూతురు చాందిని బడికి వెళ్ళే రోజుల్లో అంటాడు. ఆ చాందినికి ఇప్పుడు బడికి వెళ్ళే కొడుకున్నాడు.

ఏప్రిల్ నెల నడిమికి వచ్చిందంటే ఈ లాడ్జికి కళ వస్తుంది. అప్పుడు థాయిలాండులో సోంక్రాన్. అది వాళ్ళ కొత్త సంవత్సరం. మూడు రోజులపాటు ఊరు ఊరంతా వీధిలోకి వచ్చి బకెట్లతో, పిచికారీలతో, గొట్టాలతో కనబడ్డవాళ్ళమీదల్లా నీళ్ళు కుమ్మరిస్తారు. చిన్నా పెద్దా, కోటూ బూటూ చూడరు. బ్యాంకాకులో ఉద్యోగాలు చేసుకునే మనవాళ్ళలో కొందరికి ఆ సరదా పట్టదు. ఫోను తడుస్తుందనీ, పిల్లలకి జలుబు చేస్తుందనీ, పరువు పోతుందనీ విమానమెక్కి సింగపూరు వచ్చేస్తారు. నీళ్ళకి భయపడి సముద్రం దాటిన ఈ వీరులకి లాడ్జివాళ్ళు పెట్టుకున్న పేరు 'నీళ్ళ పండగ చుట్టాలు'.

దొరబాబుకి మాత్రం ఆ గుంపులో నిజంగా చుట్టాలనిపించేది ఇద్దరే, కృష్ణమూర్తిగారూ ప్రభావతమ్మా. ఆయన బ్యాంకాకు దగ్గర నూలు మిల్లులో రంగులు వేసే విభాగంలో పనిచేసి, రిటైరయ్యాక కూడా అక్కడే ఉండిపోయాడు. పిల్లలు లేరు. ఏటా ఇదే వారంలో, చివర ఉన్న సందువైపు గదిలోనే దిగేవారు. నిన్న దొరబాబుకి సెలవు. ఇవాళ పొద్దున్న రాగానే రిజిస్టరులో ఆ గదికి ఎదురుగా కృష్ణమూర్తి అన్న పేరు కనబడేసరికి అతనికి ప్రాణం లేచివచ్చింది.

రెండు తువ్వాళ్ళు, రెండు సబ్బు బిళ్ళలు, రెండు గ్లాసులు, వేడినీళ్ళ ఫ్లాస్కు ట్రేలో సర్దుకుని వెళ్ళి తలుపు తట్టాడు.

ప్రభావతమ్మ తలుపు తీసింది. సన్నబడింది. మనిషి నవ్వింది కాని, ఆ నవ్వు కళ్ళదాకా రాలేదు.

"ఎప్పుడొచ్చీసినారమ్మా? మకాన్ అయిందా, తిన్నారా? అయ్యగారేరీ, కిందకెళ్ళీసినారా పేపరుకి?"

ఆవిడ ట్రే వంక చూసింది. ఒక గ్లాసు తీసి, బల్ల మీద పెట్టి, రెండోది ట్రేలోనే వదిలేసింది.

"ఒకటి చాలు దొరబాబు గారూ."

దొరబాబు ట్రే బల్ల మీద పెట్టాడు. తువ్వాలు ఒకటి ఇచ్చి, రెండోది పట్టుకుని అలాగే నిలబడ్డాడు. డిసెంబరులో పోయారట. నిద్రలోనే. గది ఇప్పటికీ ఆయన పేరు మీదే అడిగిందట ఆవిడ, వేరే ఎలా అడగాలో తెలియక.

"ఓలమ్మో," అన్నాడు చివరికి. వాళ్ళమ్మ అనే మాట అది. అంతకంటే పెద్ద మాట అతని దగ్గర లేదు.

ఆవిడ మంచం అంచున కూర్చుంది. అతను కిటికీ అద్దం తుడవడం మొదలుపెట్టాడు. పని చేతిలో ఉంటేనే అతనికి ఎదుటివాళ్ళ మాట వినడం వచ్చు.

"నిన్న విమానంలో కూర్చున్నాక తోచిందండీ, నేనెందుకు పోతున్నానూ అని. ఆయనకి ఆ పండగ గిట్టదు. ఆయన కోసమే కదా ఇన్నేళ్ళూ వచ్చేది. ఇప్పుడు ఆయనే లేరు. అలవాటుగా పెట్టె సర్దేశాను, అంతే."

"మీకూ గిట్టదు కదమ్మా," అన్నాడు దొరబాబు.

"నాకా?" ఆవిడ కొంచెం సిగ్గుపడింది. "నాకెంత ఇష్టమో! మొదటి ఏడు మేమిద్దరం కూరలకని వెళ్తుంటే వ్యాను మీంచి కుర్రాళ్ళు ఐసు నీళ్ళు కుమ్మరించారు. వణికిపోయాను. చలికి కొంతా, నవ్వాపుకోలేక కొంతా. తలెత్తి చూద్దును కదా, ఈయన మొహం మాడిపోయి ఉంది. వచ్చే ఏడు ఈ ఊళ్ళో ఉండొద్దు ప్రభా అన్నారు. సరే అన్నాను. మొగవాడు, నలుగురిలో తడిసిపోతే ఏం బాగుంటుంది? నా సరదా కోసం ఆయన్ని కష్టపెట్టనా?"

దొరబాబు చేతిలో గుడ్డ ఆగిపోయింది.

"మా పనమ్మాయి నోయ్ ప్రతి ఏడూ బతిమాలుతుంది. పండగనాడు పెద్దవాళ్ళ అరచేతుల్లో పన్నీరు కలిపిన నీళ్ళు పోసి దీవెన తీసుకోవడం వాళ్ళ ఆచారం. అమ్మా, ఈ ఒక్కసారి ఉండండి, మీ చేతుల్లో నీళ్ళు పోస్తాను అంటుంది. ఇంకెప్పుడైనా చూద్దాంలే అంటాను." ఆవిడ లేచి పమిట సర్దుకుంది. "పోనీలెండి. వచ్చే ఏడూ ఇక్కడికే వస్తాను. ఇంకెక్కడికి పోను? మీరైనా ఉన్నారు నాలుగు మాటలు మాట్లాడడానికి."

దొరబాబు గుడ్డ భుజాన వేసుకున్నాడు. ట్రే తీసుకుని బయటికొచ్చేశాడు.

ఎందుకంటే ఆవిడ చెప్పిన కథలో రెండో సగం అతని దగ్గర ఉంది.

మధ్యాహ్నాలు భార్య కునుకు తీస్తుంటే కృష్ణమూర్తిగారు కిందికి దిగి, ఇస్త్రీ గదిలో స్టూలు లాక్కుని కూర్చునేవాడు. పొడుగాటి మనిషి, మోకాళ్ళు గడ్డానికి తగిలేవి. నిరుడు అలాగే కూర్చుని అన్నాడు: "మా ఆవిడకి నీళ్ళంటే హడలయ్యా. మొదటి ఏడు నీళ్ళు కుమ్మరిస్తే గడగడ వణికిపోయింది. ఆ వణుకు చూసి, ఇంక ఈ పండక్కి దీన్నిక్కడ ఉంచకూడదని ఒట్టేసుకున్నా. నాదేముంది, నన్నొదిలేస్తే లుంగీ ఎగ్గట్టి మూడు రోజులూ వీధిలోనే ఉంటాను. తనతో అనకు సుమా. తనవల్ల నా సరదా పోయిందని బాధపడుతుంది."

ఒకే వణుకు. చలీ, నవ్వూ, భయమూ అన్నీ అందులోనే. అడిగితే సరిపోయేది. కాని మొగుణ్ణి భార్య, భార్యని మొగుడు అలాంటివి ఎక్కడ అడుగుతారు? మధ్యలో పక్కలు వేసేవాడితో చెప్పుకుంటారు.

మేడ మీద దండేలకి దుప్పట్లు ఆరేస్తూ దొరబాబు తనతో తాను వాదించుకున్నాడు. చెబితే ఏమొస్తుంది? పోయిన మనిషికిచ్చిన మాట తప్పినట్టవుతుంది. ఇన్నేళ్ళూ ఊరికే పారిపోయామని ఆవిడ గుండె పగులుతుంది. తెలియకపోతే మాత్రం ఏం నష్టం? ఇవన్నీ మంచి కారణాలే. వీటన్నిటి కింద ఇంకోటి ఉందని అతనికి తెలుసు. దాని వంక చూడకుండా మరో దుప్పటి దులిపాడు.

అసలు సంగతి ఏమిటంటే, చెబితే ఆవిడ ఇంక రాదు.

దొరబాబు తాత శ్రీకాకుళం వైపునుంచి ఓడలో మలయా రబ్బరు తోటలకి వచ్చాడు. తండ్రి అక్కడినుంచి సింగపూరు నౌకాస్థావరానికి కూలీగా వచ్చి, కూలీల క్వార్టర్లలో పెళ్ళాం పిల్లలతో కాపురం పెట్టాడు. ఆ వరసలో అన్ని ఇళ్ళలోనూ తెలుగే. చల్దికూడు, ఉల్లిపాయ, సాయంత్రం ఆడవాళ్ళ పాటలు. తరవాత క్వార్టర్లు పోయాయి. ఒక్కొక్కరూ ఒక్కో పేటలో ఫ్లాటుకి చేరారు. భార్య కుమారమ్మ ఉన్నన్నాళ్ళూ పొద్దున్న లేస్తే ఆమె కసురుకోవడమైనా తెలుగులో ఉండేది. ఆమె పోయాక ఆంగ్ మో కియో పేటలో కూతురి దగ్గరికి చేరాడు. అల్లుడు తమిళుడు, మంచివాడు. మనవడు ఆకాష్‌ని దగ్గరికి పిలిచి "ఏటి తిన్నావురా గుంటడా?" అంటే "చికెన్ రైస్ లా, తాతా" అని, చివర 'లా' తగిలించే ఇక్కడి ఇంగ్లీషులో అంటాడు. చాందినికి అర్థమవుతుంది గాని, జవాబు ఇంగ్లీషులో వస్తుంది. లాడ్జిలో తమిళం, మార్కెట్లో మలయ్. హైదరాబాదునుంచి వచ్చే కంప్యూటరు కుర్రాళ్ళు అతన్ని అంకుల్ అంటారు, ఇంకో దిండు కావాలని ఇంగ్లీషులో అడుగుతారు.

ఏడాది పొడుగునా నోట్లో మూలుగుతున్న మాటలు ఆ ఏప్రిల్ వారంలో బయటికొచ్చేవి. అతను చద్దిని చల్ది అంటే కృష్ణమూర్తిగారు నవ్వేవాడు. ప్రభావతమ్మ "నవ్వకండి, మా అమ్మమ్మా అలాగే అనేది" అని మందలించేది. ఆ మందలింపు విన్న సాయంత్రం దొరబాబు రైల్లో నిలబడి తనలో తాను నవ్వుకుంటూ ఇంటికి వెళ్ళేవాడు. అంతకంటే ఎక్కువ సంతోషం తనకి రాసిపెట్టి లేదనుకున్నాడు. ఉన్నదాన్ని పోగొట్టుకోవాలనీ అనుకోలేదు.

కింద హాల్లో బ్యాంకాకు బృందం సంబరంగా ఉంది. కౌశల్ అనే కుర్రాడు ఫోనులో అక్కడి వీధుల వీడియోలు చూపిస్తూ, "మనం బతికిపోయాం" అని అందరికీ చెబుతున్నాడు. అలా చెబుతూనే బిర్యానీ పొట్లాలు తేవడానికి బయటికి వెళ్ళాడు. సింగపూరు వాన కబురు చేసి రాదు. ఒక్క ఉరుము ఉరిమి ధారగా కురిసింది. కౌశల్ తల నుంచి కాలిదాకా తడిసి, పొట్లాలు గుండెకి హత్తుకుని వస్తే హాలంతా పగలబడి నవ్వింది.

దొరబాబు మేడమీది దుప్పట్లు చంకన వేసుకుని, సగం తడిసి, ఆయాసపడుతూ కిందికి దిగాడు. ముందరి నడవలో ప్రభావతమ్మ ఒక్కతే నిలబడి ఉంది. పైకప్పు అంచునుంచి నీళ్ళు తాళ్ళలాగా దిగుతున్నాయి. ఆవిడ చెయ్యి చాపి, అరచేయి వాన కింద పట్టింది. నిండింది. ఒలికింది. మళ్ళీ పట్టింది. వయసు మరిచిపోయిన మొహం.

అంతలో ఏం గుర్తొచ్చిందో, చటుక్కున చెయ్యి లాక్కుని, పమిటతో గబగబా తుడుచుకుని వెనక్కి చూసింది. అక్కడ కృష్ణమూర్తిగారు నిలబడి ఉంటాడేమో, చూస్తే కష్టపెట్టుకుంటాడేమో అన్నట్టు.

ఆ తుడుచుకోవడం దొరబాబు చూడలేకపోయాడు. దుప్పట్ల మూట అక్కడే బల్లమీద పడేశాడు.

"అమ్మా, నాను సెప్పకూడదు గాని సెప్పీస్తన్నాను. అయ్యగారికి నీళ్ళంటే గిట్టకపోడమేటి? ఆరికి సెడ్డ సరదా. మీరు భయపడతన్నారని ఆరు ఒచ్చీవోరు. మీకోసమే ఒచ్చీవోరమ్మా."

మిగతాది కూడా చెప్పాడు. వణుకు సంగతి, ఒట్టు సంగతి, లుంగీ సంగతి.

ప్రభావతమ్మ వానవైపు తిరిగింది.

"లుంగీలోనా?" అంది. "ఆయనా? నడివీధిలోనా?"

"ఎగ్గట్టుకుని అన్నారమ్మా."

ఆవిడకి నవ్వొచ్చింది. పొట్ట పట్టుకుని, గోడకి ఆనుకుని నవ్వింది. నవ్వుతూ నవ్వుతూ ఏడ్చేసింది. "చెప్పొచ్చుగా మహానుభావుడు! నోరు విప్పితే ముత్యాలు రాలిపోతాయా? పక్కపక్కనే ఇద్దరం తడిసేవాళ్ళం కదండీ." కొంగుతో కళ్ళొత్తుకుంది. "నేను మాత్రం చెప్పానా ఏమిటి."

దొరబాబు తప్పు చేసినవాడిలా తల దించుకున్నాడు. ఆవిడ అతని జారిన భుజం మీద ఒక్కసారి చెయ్యి వేసి, మెట్లెక్కి వెళ్ళిపోయింది.

అతను తడిసిన దుప్పట్లు యంత్రంలో మళ్ళీ వేశాడు. వెనక గదిలో తలుపేసుకుని, దాని రొదలో ఇస్త్రీ చేసుకుంటూ కూర్చున్నాడు. స్టూలు ఖాళీగా ఉంది. దానిమీద మడతపెట్టిన గలీబులు పెట్టాడు. వాన వెలిసి, సందులో పూలకొట్లవాళ్ళు మళ్ళీ దండలు వేలాడదీశారు. సాయంత్రం ఉతికిన తువ్వాళ్ళు చేత పట్టుకుని మెట్లవైపు వస్తుంటే కౌంటరు దగ్గర రమేష్ పిలిచాడు. పేరుకి అతనూ తెలుగువాడే, వాళ్ళ తాతా ఓడలో వచ్చినవాడే. మాట మాత్రం మిగల్లేదు.

"అంకుల్, ఎండ్ రూమ్ ఆంటీ చెకౌట్ ఆల్రెడీ. బ్యాంకాక్ ఫ్లైట్. షి లుక్ ఫర్ యూ లా, టాక్సీ వెయిటింగ్, సో షి వెంట్."

పండగ ఇంకా రెండు రోజులుంది కదా అనుకున్నాడు దొరబాబు. రేపు పొద్దున్నకి నోయ్ నీళ్ళ గిన్నెతో సిద్ధంగా ఉంటుంది.

"ఏమైనా చెప్పిందా?" అని తమిళంలో అడిగాడు.

రమేష్ తల అడ్డంగా ఊపి, మోగుతున్న ఫోను తీశాడు.

దొరబాబు మోకాళ్ళు పట్టుకుంటూ పైకెక్కాడు. గది తలుపు తీసే ఉంది. పక్క తనే సర్దేసింది, అతను వేసినంత బాగానూ. గ్లాసు కడిగి బోర్లించింది. "వెళ్ళొస్తానని కూడా అనలేదేటమ్మా," అన్నాడు పైకే. ఖాళీ గదిలో ఆ మాట అతనికి గట్టిగా వినబడింది. ఇలా తెలుగులో మాట్లాడితే బదులు పలికేవాళ్ళు ఇంక ఎవరూ లేరని అప్పుడు తెలిసివచ్చింది. దుఃఖం వచ్చింది. వచ్చిన దుఃఖాన్ని రానిచ్చి, తరవాత చీపురు అందుకున్నాడు.

స్నానాలగదిలో లాడ్జివాళ్ళు పెట్టే నీలం రబ్బరు చెప్పులు కనబడలేదు. తలుపు వెనకా, బక్కెట్టు వెనకా వెతికి, మంచం కింద ఉన్నాయేమోనని వంగి చూశాడు.

అక్కడ గోడవైపు, వాటికి బదులు, ఆవిడ తోలుచెప్పులు జతగా విడిచి ఉన్నాయి. ఎన్నేళ్ళో వాడినవి, మడమల దగ్గర అరిగిపోయినవి, ఒక్క నీటి మరకైనా లేనివి.