పచ్చి ఇటుకలు

ఎండాకాలంలో మా చర్చి సంఘం విశ్వాసాన్ని బట్టి కూర్చోదు, ఫ్యాన్లను బట్టి కూర్చుంటుంది. ఉన్నవి నాలుగు. మూడు తిరుగుతాయి, నాలుగోది మూలుగుతుంది. ఆలస్యంగా వచ్చినవాళ్ళు ఆ మూలిగేదాని కింద కూర్చుని, నరకం గురించి నేను ఏం చెప్పినా తమకు కొత్తేమీ కాదన్నట్టు చూస్తారు. చెప్పేవాడికి వినేవాడు లోకువ అంటారు. ఆ సామెత పుట్టించినవాడు మే నెలలో ప్రసంగం చేసి ఉండడు.

ఆ ఏడాది బావులు అడుగంటాయి. ఆదివారం వాన కోసం ప్రత్యేక ప్రార్థన పెట్టాలని సంఘ పెద్ద తీర్మానించారు. నా ప్రార్థన సగంలో ఉండగానే ఆయన ఆమెన్ అనేస్తారు. అందుకని వెనకాల అందరూ ఆమెన్ తాత అంటారు, నేను కూడా. "ఈసారి కాస్త గట్టిగా చెయ్యండి అయ్యగారూ, పోయినేడు మరీ మెత్తగా చేశారు," అన్నారాయన, ఇస్త్రీ బట్టలిచ్చేటప్పుడు చెప్పినట్టు.

శనివారం సాయంత్రం ఇటుకలతను మా ఇంటికి వచ్చాడు. ఊరి చివర చిన్న బట్టీ ఉంది అతనికి. ప్రతి ఆదివారం ముందు వరసలో కూర్చుంటాడు. ముందు వరసకి ఏ ఫ్యాను గాలీ తగలదు. కుర్చీ చూపించినా వరండా అంచునే కూర్చుని, మా ఆవిడ ఇచ్చిన మంచినీళ్ళ గ్లాసు చేతిలో తిప్పుతూ అసలు సంగతికి వచ్చాడు.

"అయ్యగారూ, రేపటి ప్రార్థన ఒక్క వారం ఆపగలరా?"

"ఎందుకు?"

"పచ్చి ఇటుకలు బయట ఆరుతున్నాయండి. ఇంకా బట్టీ పేర్చలేదు. ఇప్పుడు వాన పడితే మొత్తం బురదైపోతుంది. ఏడాది పొడుగునా మా ఇంటి తిండి అవే కదండీ. పోయినేడు మీరు ప్రార్థన పెట్టినప్పుడు ముందే కప్పేసుకున్నాను. ఈసారి మరీ పచ్చిగా ఉన్నాయి, కప్పితే ఆరవు. వారం ఆగితే కాల్చేస్తాను. ఆ తర్వాత మీ ఇష్టం, ఎంత కావాలంటే అంత పడనివ్వండి."

వాన కుళాయి నా చేతిలో ఉన్నట్టే మాట్లాడాడు. పోయినేడు ఎర్రటి ఎండలో ఇటుకలు కప్పుకున్నాడని ఊరంతా నవ్వింది. నేనూ నవ్వాను. ఇప్పుడు కరవమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం. ఆమెన్ తాతకి ఏమని చెప్పను? పైగా కరెంటు లేక ఒళ్ళంతా చెమట. తేలిగ్గా పంపించేద్దామని అతని భుజం తట్టాను.

"పిచ్చివాడా, నేను ప్రార్థన చేస్తే వాన పడిపోతుందా? ఇన్నేళ్ళుగా చేస్తున్నాను, ఎప్పుడైనా పడిందా? పోయి నిశ్చింతగా పడుకో."

అతను నవ్వలేదు. గ్లాసు కింద పెట్టాడు.

"మరి మా పాపకి చేసిందండీ?"

రెండేళ్ళ కిందట వాళ్ళ పాపకి జ్వరం ముదిరి తెలివి తప్పింది. ఆస్పత్రిలో ఆ పిల్ల తల మీద చెయ్యి పెట్టి ప్రార్థించాను. డాక్టర్లు వాళ్ళ మందులు వాళ్ళు ఇచ్చారు. పిల్ల లేచింది. అయ్యగారి ప్రార్థనే నిలబెట్టిందని ఇతను ఊరంతా చెప్పుకున్నాడు. నేను ఏనాడూ కాదనలేదు, మందుల ఊసూ ఎత్తలేదు. అతను ముందు వరసకి వచ్చింది అప్పుడే.

"అది వేరు," అన్నాను.

ఎలా వేరని అతను అడగలేదు. దండం పెట్టి వెళ్ళిపోయాడు.

"ఉన్న మాటే అన్నారు లెండి," అంది మా ఆవిడ గ్లాసు తీస్తూ. "మీ ప్రార్థనని నమ్మేవాడు ఈ ఊళ్ళో ఒక్కడున్నాడు. వెతికి వెతికి అతనికే చెప్పారు."

కాలు జారితే తీసుకోవచ్చు, నోరు జారితే తీసుకోలేం.

ఆదివారం ముందు వరసలో అతని చోటు ఖాళీగా ఉంది. నేను గట్టిగానే ప్రార్థించాను. మబ్బుల్ని పేరుపెట్టి పిలవడం ఒక్కటే తక్కువ. ఆమెన్ తాత మూడు చోట్ల ఆమెన్ అన్నారు. ప్రార్థన ముగియగానే జనమంతా ఇళ్ళకు పోయి, ఉతికిన బట్టలు డాబాల మీద ఆరేసుకున్నారు.

నేను గుడి సామాన్ల గదిలోంచి టార్పాలిన్లు తీసి, స్కూటర్ వెనక కట్టుకుని బట్టీకి వెళ్ళాను. ఇటుకలన్నీ వరసలుగా ఆకాశం కింద బోర్లా పడుకుని ఉన్నాయి. ఒక్కదాని మీద గుడ్డ లేదు. అతను పాక నీడలో కూర్చుని పాపకి జడ వేస్తున్నాడు.

"కప్పలేదేం?" అన్నాను.

"ఎందుకండీ? పడదని మీరే చెప్పారుగా."

కోపంగా అని ఉంటే సర్దుకునేవాణ్ణి. ఎప్పటిలాగే నా మాట నమ్మి అన్నాడు. సిగ్గుతో చచ్చిపోయాను. ఇన్నేళ్ళ ప్రసంగాల్లో ఇంత బాగా పనిచేసిన మాట ఇదొక్కటే.

టార్పాలిన్ విప్పి మొదటి వరస మీద పరవబోయాను. గాలికి అది ఎగిరి నా నెత్తిన పడింది. పాప కిసుక్కున నవ్వింది.

"ఏం చేస్తున్నారయ్యగారూ?" అన్నాడతను.

"పొద్దున ప్రార్థన చేశాను కదా."

"మబ్బు లేదు కదండీ. కప్పితే ఆరడం ఆలస్యమవుతుంది."

"తెలుసు," అన్నాను. వాన పడితే ఇతని ఇటుకలు పోతాయి, పడకపోతే ఇతని నమ్మకం పోతుంది. ఏం అడగాలో తెలియక, దేవుడా అని మాత్రం అనుకుని ఊరుకున్నాను. ఆ రోజు నేను చేసిన అసలు ప్రార్థన అదేనేమో.

అతను జడకి రిబ్బను ముడివేసి, లేచి వచ్చి, టార్పాలిన్ రెండో కొస పట్టుకున్నాడు.

మేం మూడో వరసలో ఉండగా ఆమెన్ తాత నెత్తిన తువ్వాలుతో అటుగా స్కూటర్ మీద వచ్చి ఆగారు.

"ఇంత ఎండలో ఈ కప్పుకోవడం ఏమిటయ్యా?"

"అయ్యగారు పొద్దున వాన కోసం ప్రార్థన చేశారు కదండీ," అన్నాడు ఇటుకలతను తలెత్తకుండా.

ఎగతాళికి అన్నాడో, నమ్మి అన్నాడో ఆ గొంతుని బట్టి నాకు తెలియలేదు. అడిగే ధైర్యమూ లేదు. ఆమెన్ తాత ఆకాశం వంక చూశారు. టార్పాలిన్ పట్టుకున్న నా వంక చూశారు. ఆయన ముఖంలో మొదటిసారి అనుమానం కనిపించింది.

"డాబా మీద బట్టలున్నాయి," అని గొణిగి, గబగబా స్కూటర్ ఇంటివైపు తిప్పారు.

"ఆ మూల ఇంకాస్త లాగండి అయ్యగారూ," అన్నాడు ఇటుకలతను.

లాగాను.