పూలకుండీ కింది స్టూలు

మా కుర్చీల వర్క్‌షాప్‌లో మేనేజర్ గారు గోడకి ఒక అర పెట్టించారు. నమూనా చెడిపోతే చాలు, చేసినవాళ్ల పేరు అంటించి అందులో పెట్టాలి. ప్రతి శనివారం అందరం దాని ముందు నిలబడి, ఏం నేర్చుకున్నామో చెప్పుకోవాలి. తప్పంటే భయం పోవాలని ఆయన ఉద్దేశం. ఆ అరలో ఎక్కడ చూసినా నా పేరే.

మడత స్టూలు మాత్రం ఆయన సొంత ఆలోచన. మడిచే చోట కీలు మరీ సన్నగా ఉందని మా అందరికీ కనిపిస్తూనే ఉంది. చెబుదామని నోటిదాకా వచ్చిన మాట మింగేశాను. పోయినసారి ఏదో అనబోతే, "ప్రతిదానికీ అడ్డుపుల్ల వేస్తావేంటమ్మా" అన్నారు. మళ్లీ ఎవరు మాట పడతారు?

స్టూలు సిద్ధమయ్యాక అందరి ముందూ ఆయనే కూర్చుని చూపించారు. కీలు విరిగి నేలమీద కూలబడ్డారు. మేం లేవదీస్తే ప్యాంటు దులుపుకుని తన గదిలోకి వెళ్లిపోయారు.

శనివారం వచ్చింది. అరలో స్టూలు లేదు. ఆయన గదిలో, కిటికీ పక్కన, కాళ్లకి తాడు బిగించుకుని ఉంది. దానిమీద పూలకుండీ.

"ఈ వారం ఏం నేర్చుకున్నాం? మొహమాటం లేకుండా చెప్పండి," అన్నారాయన.

ఇంటికెళ్లి పడుకుంటే చాలనిపించింది నాకు. ఎవరో ఒకరు నోరు విప్పితే గానీ వదలరు.

"కుండీ బరువుకైతే స్టూలు ఆగుతుందండి," అన్నాను.